చీనీ అంటే తెలియని చైనా నిపుణుడు

చైనా గురించి నేను ముప్పై ఏళ్లు రాశాను. ఈ సంగతి చైనాకు తెలియదు. తెలిసిందల్లా మా జహీరాబాద్‌కు, ఇంకా మా పేపరు జిల్లా ఎడిషన్ అందే కొన్ని ఊళ్లకు. బస్టాండు ఎదుటి హోటల్లో నేను కనబడితే "చైనా సార్ వచ్చిండు, కుర్చీ ఎయ్యున్రి" అనేవాళ్లు. ఆ మాటకు నేను పొంగిపోయేవాణ్ణి. పక్కనే సెల్‌ఫోన్ల షాపాయన తన గిరాకీలతో "అది చైనా మాల్, గ్యారంటీ లేదు" అనడం కూడా అవే చెవులతో వినేవాణ్ణి. రెండు మాటలకూ చుట్టరికం ఉండొచ్చని అప్పట్లో నాకు తట్టలేదు.

ఈమధ్య పత్రికల్లో కొత్తగా చేరినవాళ్లు కొందరు ఫోన్ చేస్తున్నారు. అంతర్జాతీయ వ్యవహారాలు రాయాలంటే ఏం చదవాలి సార్ అని అడుగుతారు. నేను నాలుగు లావుపాటి పుస్తకాల పేర్లు చెబుతాను. వాటిలో రెండు నేనూ చదవలేదు. నిజానికి మీకు చెప్పాల్సింది ఒక సాయంత్రం గురించి, ఆ తర్వాత నేను నోరు మూసుకున్న ఒక మధ్యాహ్నం గురించి. అది చెప్పడానికి ఇన్నాళ్లూ మనసొప్పలేదు. ఇప్పుడు చెప్పక తప్పదు. ఎందుకు తప్పదో చివర్లో మీకే తెలుస్తుంది.

నేను చైనా నిపుణుణ్ణి ఎలా అయ్యానో ముందు చెప్పాలి. అందులో నా తప్పు కొంచెం తక్కువ కాబట్టి అక్కణ్ణుంచి మొదలుపెట్టడం నాకు సౌకర్యం. నేను హైదరాబాద్‌లో ఒక తెలుగు దినపత్రిక డెస్కులో కొత్తగా చేరిన రోజుల్లో, విదేశీ వార్తలు చూసే పెద్దాయనకు కామెర్లు వచ్చాయి. ఆయన సెలవులో ఉండగా చైనా వార్త ఒకటి నా బల్ల మీద పడింది. అందులో అక్కడి నాయకుడి పేరు తెలుగులో ఎలా రాయాలో నాకు తెలియలేదు. పక్కవాణ్ణి అడిగితే పరువు పోతుందని, పేరు ఎగరగొట్టి "చైనా అగ్రనేత" అని రాసి ఊరుకున్నాను. మరునాడు ఎడిటర్‌గారికి అందులో పరిణతి కనిపించింది. మిగతా పత్రికలన్నీ ఆ పేరును తలోరకంగా రాశాయట, మనమొక్కళ్లమే హుందాగా ఉన్నామట. ఆ రోజు నుంచి చైనా నాకు రాసిచ్చేశారు.

ఆ తర్వాత విద్య తేలిగ్గానే అబ్బింది. వార్తా ఏజెన్సీ నుంచి ఇంగ్లిష్‌లో వచ్చినదాన్ని తెలుగు చేయడం, దాని చివర "నిపుణులు భావిస్తున్నారు" అని చేర్చడం. ఆ నిపుణులు నేనే. కొన్నిసార్లు "పరిశీలకుల అంచనా" అని రాసేవాణ్ణి. అప్పుడు నాతోపాటు క్యాంటీన్‌లో చాయ్ పోసే ఆయన కూడా లెక్కలోకి వచ్చేవాడు, ఆయనకు సరిహద్దు విషయంలో గట్టి అభిప్రాయాలుండేవి. ఇక డ్రాగన్ ఎలాగూ ఉంది. మా పేపర్లో డ్రాగన్ ముప్పై ఏళ్లపాటు బుస కొట్టింది. డ్రాగన్ నిప్పు కక్కుతుందే తప్ప బుస కొట్టదని ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం మేం అచ్చు వేయలేదు.

చైనాకు ఒక్కసారి వెళ్లాను. పత్రికల వాళ్ల బృందంతో ఐదు రోజులు. మామిడికాయ పచ్చడి సీసా, మూడు చపాతీల కట్టలు మోసుకెళ్లాను. బస్సు కిటికీలోంచి ఎత్తయిన భవనాలు చూశాను, మీటింగుల్లో తలూపాను. మా గైడు ఒకరోజు మీ ఊళ్లో ఏం పండుతుందని అడిగింది. అల్లం అన్నాను. మా దగ్గరా పండుతుంది అంది. రెండు దేశాల మధ్య నేను నడిపిన చర్చలు మొత్తం అవే. తిరిగొచ్చి పదకొండు వారాలు ధారావాహిక రాశాను.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. ఎవరికీ దెబ్బ తగలనంతవరకు ఏ అజ్ఞానమైనా నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది.

నా రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు ఒకావిడ మా డెస్కులో చేరింది. మొగుడంపల్లి పక్క పల్లె ఆమెది. హిందీ పండిట్ శిక్షణ చేసి, సర్కారు కొలువు కోసం ఎదురుచూసి చూసి, నలభై దాటాక మా దగ్గర కాంట్రాక్టు మీద అనువాదకురాలిగా కుదిరింది. కాంట్రాక్టు ఏటేటా పొడిగించాలి. డెస్కులో అందరూ ఆమెను పండిట్‌గారు అనేవాళ్లు, మొదట్లో ఎగతాళికి, తర్వాత అలవాటుగా. వార్త ఏదైనా ఇచ్చేముందు పెదవులు కదుపుతూ ఒకసారి చదువుకునేది. వాళ్ల నాయిన చెరుకు రైతు. బిడ్డ పేపర్లో పనిచేస్తోందని ఆయన చదువు రాకపోయినా మా పత్రిక వేయించుకుని, రోజూ పొద్దున క్షవరం చేసే దుకాణంలో ఎవరిచేతనో చదివించుకుని వినేవాడని ఆమే ఒకసారి చెప్పింది.

ఒకే వైపు వాళ్లం కదా, కలుపుగోలుగా ఉండాల్సింది. నేను ఆమెను కాస్త ఎడంగానే ఉంచాను. ఆఫీసులో నేను పుస్తకాల భాష మాట్లాడేవాణ్ణి. ఆమె "ఎట్ల సార్", "గిట్ల సార్" అంటుంటే ఎక్కడ నా నాలుక కూడా పాత దారి పట్టి, నేనూ జహీరాబాద్ సంతలో పెరిగినవాణ్ణేనని బయటపడుతుందోనని భయం. ఇది ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఆ సాయంత్రం ఏడు కావస్తోంది. సరిహద్దులో గొడవలు నడుస్తున్న కాలం. చైనా పేరెత్తితే చాలు మొదటి పేజీ దొరికేది. జిల్లా ఎడిషన్ దూరపు బస్సులకు అందాలి కాబట్టి ముందుగా వెళ్లిపోతుంది, ఇంకో అరగంటలో పేజీ వదలాలి. అప్పుడు ఢిల్లీలో ఉండే మా విలేకరి నుంచి డెస్కు ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది. ఎవరో హిందీ పత్రిక మిత్రుడు పంపినదాన్ని ఆయన అలాగే మాకు తోసేశాడు. "చీనీ నిర్యాత్ పర్ రోక్, కేబినెట్ కా ఫైసలా." అంతే. తిరిగి ఫోన్ చేస్తే ఆయన ఏదో మీటింగులో ఉన్నట్టున్నాడు, ఎత్తలేదు.

నేను కుర్చీలోంచి లేచాను. హిందీలో చీనీ అంటే చైనాకు సంబంధించిన అని అర్థం. నిర్యాత్ అంటే ఎగుమతి. రోక్ అంటే నిషేధం. చైనా ఎగుమతులపై నిషేధం! ఇలా జరుగుతుందని నేను మూడు నెలలుగా రాస్తూనే ఉన్నాను. ఇలా జరగదని కూడా రాశాను, కాని అది వేరే వారం.

పండిట్‌గారు మెసేజ్ చూసి, పెదవులు కదుపుతూ చదువుకుని, నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, ఇది చైనా కాదు. చక్కెర. హిందీల చక్కెరను గూడ చీనీ అనే అంటరు."

ఇక్కడ అనంతపురం నుంచి వచ్చిన మా సబ్ఎడిటర్ కల్పించుకున్నాడు. "మా పక్క చీనీ అంటే బత్తాయికాయ సార్. బత్తాయిలకు కేబినెట్ ఎందుకు కూర్చుంటాది?" అన్నాడు. డెస్కంతా నవ్వింది. ఆ నవ్వులో నేనూ కలిశాను. ఆమె మాత్రం నవ్వలేదు.

"నిర్యాత్ అంటే మన కాడి నుంచి బయటికి పోయేది సార్. చైనా వాళ్లు వాళ్ల సామాను అమ్ముకుంటుంటే మనమెట్ల ఆపుతం? మనం ఆపాలంటే ఆయాత్ ఆపాలె, దిగుమతి. మాది చెరుకు ఇల్లు సార్. చక్కెర బయటికి పోనిస్తరో పోనియ్యరో అని మా నాయిన నెల రోజుల సంది అడుగుతున్నడు."

అంత సులువుగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. ఎవరైనా ఒప్పుకోవాల్సిన మాట. నేను ఒప్పుకోలేదు. నా ఊరు ముంబై రోడ్డు మీద ఉంది. లారీ డ్రైవర్లు మా హోటళ్లలో చాయ్ చెబుతూ చీనీ జర తక్కువెయ్యి అనడం వింటూ పెరిగినవాణ్ణి. బడికి పోతూ చెరుకు బండ్ల వెనక వేలాడి గడలు లాక్కున్నవాణ్ణి. చీనీ అంటే చక్కెర అని మా ఊరి పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ సాయంత్రం ఆ ఊరివాడు నాలో లేడు. నిపుణుడు మాత్రమే ఉన్నాడు.

"అమ్మా, మీరు కామాలు, ఫుల్‌స్టాపులు చూసుకోండి. దౌత్యం నాకొదిలేయండి" అన్నాను.

మళ్లీ నవ్వారు. ఆమె వెళ్లి తన కంప్యూటర్ ముందు కూర్చుంది. నాకు పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ చేతకాదు, నేర్చుకోవడం నా స్థాయికి తగదని అనుకునేవాణ్ణి. అందుకని ఆమె వెనక నిలబడి శీర్షిక చెప్పాను, ఆమె కొట్టింది. "డ్రాగన్‌కు చెక్! చైనా ఎగుమతులపై కేంద్రం కొరడా." దాని కింద నా ఫోటోతో, నా సంతకంతో విశ్లేషణ. ఇరవై నిమిషాల్లో రాశాను. ఈ పరిణామం ఆసియా రాజకీయాల్లో మలుపు అని, దీన్ని ఈ వ్యాసకర్త ముందే ఊహించాడని అందులో ఉంది. పేజీ ఆమె లాగిన్‌లోంచి ప్రెస్సుకు వెళ్లింది. పంపే మీట నొక్కేముందు ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. పంపండి అన్నాను.

నలభై నిమిషాల తర్వాత టీవీలో కింద అక్షరాలు పరుగెత్తాయి. చక్కెర ఎగుమతులపై కేంద్రం ఆంక్షలు. మొదట చూసింది అనంతపురం ఆయనే. రిమోట్‌తో టీవీ గొంతు పెంచాడు. సిటీ ఎడిషన్లో మార్చేశాం, హైదరాబాద్ వాళ్లకు చక్కెర చక్కెరగానే అందింది. జిల్లా కట్టలు అప్పటికే బస్సులెక్కాయి. అంటే భూమ్మీద ఆ వార్త చదివింది నా సొంత ఊరు, దాని చుట్టుపక్కల ఊళ్లు మాత్రమే. దేవుడికి నామీద కోపం ఉందో లేదో తెలియదు కాని హాస్యం మాత్రం బాగా తెలుసు.

మరునాడు పొద్దున జహీరాబాద్‌లో ఏం జరిగిందో మా బామ్మర్ది ఫోన్లో చెప్పాడు. చైనా అల్లం ఇక రాదని అల్లం వ్యాపారులు హోటల్లో మిఠాయి పంచుకున్నారట. సెల్‌ఫోన్ల షాపాయన సగం సరుకు అట్టపెట్టెల్లో సర్ది మేడ మీదికి చేర్చాడట. "బావా, ఊరంత నీ ముచ్చటే" అన్నాడు, ఆ మాటలో మెచ్చుకోలు ఉందో వెక్కిరింపు ఉందో నాకు తెలియలేదు. చెరుకు రైతులు మాత్రం టీవీలో చక్కెర, పేపర్లో చైనా చూసి, నలుగురు కలిసి పేపరు చంకన పెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కారు.

మధ్యాహ్నానికి ఎడిటర్‌గారి గదిలో ఉన్నారు. వాళ్లలో పెద్దాయన పేపరు బల్ల మీద పరిచి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"సార్, మా చక్కెరను చైనాకు ఎందుకు తీస్కపోయిన్రు?"

ఎడిటర్‌గారు వాళ్లకు చాయ్ ఇప్పించి, సవరణ వేస్తామని పంపించి, మమ్మల్ని పిలిచారు. నేను, పండిట్‌గారు, అనంతపురం ఆయన, ఆఫీసు వ్యవహారాలు చూసే మేనేజరు. ఇంకో రెండు వారాల్లో నా రిటైర్మెంటు. శాలువా, సన్మాన పత్రం, నా వ్యాసాల సంపుటి ఆవిష్కరణ, అన్నీ ఖాయమయ్యాయి. అధ్యక్షత ఎడిటర్‌గారిదే.

ఎలా జరిగింది అని ఆయన నన్ను అడిగారు.

"పొరపాటు దొర్లింది సార్" అన్నాను.

మిత్రులారా, మన వృత్తిలో ఈ క్రియాపదం అంత దయగలది ఇంకోటి లేదు. బండరాయి దొర్లాలంటే ఎవరో ఒకరు తోయాలి. పత్రికల్లో పొరపాటు మాత్రం దానంతటదే దొర్లుతుంది. ఎవరూ చెయ్యరు, ఎవరూ చూడరు, మరునాడు ఎనిమిదో పేజీ అడుగున చింతిస్తారు. నా ముప్పై ఏళ్ల సర్వీసులో వందల పొరపాట్లు దొర్లించాను, ఒక్కటీ చేయలేదు.

మేనేజరు కాగితం చూసి, పేజీ ఎవరి లాగిన్‌లోంచి వెళ్లిందని అడిగాడు.

"లాగిన్ నాదే సార్" అంది పండిట్‌గారు.

అని, నా వైపు చూసింది. బతిమాలుతున్నట్టు కాదు, నేరం మోపుతున్నట్టూ కాదు. సగం చెప్పిన వాక్యాన్ని పూర్తి చేయాల్సినవాడు పక్కనే ఉన్నాడు కదా అన్నట్టు చూసింది. అనంతపురం ఆయన దగ్గాడు. అతనిదీ కాంట్రాక్టే, బడికి పోయే పిల్లలు ఇద్దరు. అతన్ని నేనేమీ అనను. నా చేతిలో చిన్న నోటు పుస్తకం ఉంది. నేను అందులోకి చూశాను. అందులో ఏమీ రాసి లేదు. ఆ ఖాళీ పేజీనే మేనేజరు మాట్లాడటం అయ్యేదాకా చదివాను.

ఆమె కాంట్రాక్టు ఆ నెలాఖరుతో ముగిసింది, పొడిగించలేదు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ గొంతు పెంచలేదు. మర్యాదగానే జరిగిపోయింది. నాలుగు ముక్కల్లో చెప్పాలంటే, ఆమె తప్పని చెప్పిన మాటకు ఆమెకే శిక్ష పడింది, తప్పు చేసిన నాకు శాలువా పడింది. ఆ చివరి వారంలో నా సన్మాన పత్రం ప్రూఫు చూడ్డానికి డెస్కులో ఎవరికీ తీరలేదు, ఆమెకే ఇచ్చారు. నాలుగు తప్పులు దిద్దింది. "డేగకన్ను" అనే మాట కింద గీత గీసి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. అయినా ఎవరూ మార్చలేదు. సభలో ఒక వక్త నేను చైనా మీద ముప్పై ఏళ్లు డేగకన్ను వేసి ఉంచానని చదివాడు, అందరూ చప్పట్లు కొట్టారు.

నేను జహీరాబాద్ వచ్చేశాను. రెండేళ్లు హాయిగా గడిచాయని రాస్తే మీరు నమ్మేవాళ్లు, కాని అబద్ధం. ఏ పని లేకపోతే ఆ ఖాళీ పేజీ కళ్ల ముందుకు వచ్చేది. అయినా ఆమెను వెతకలేదు. ఆమె జహీరాబాద్‌లోనే గది అద్దెకు తీసుకుని పిల్లలకు హిందీ ట్యూషన్లు చెబుతోందని విన్నాను. ఆ వీధి దిక్కు వెళ్లడం మానేశాను. పాల ప్యాకెట్‌కు కూడా చుట్టూ తిరిగి పోయేవాణ్ణి.

మొన్న ఏప్రిల్లో, హైవే పక్కన ఒక ప్రైవేటు స్కూలు నడిపే ఆయన నా ఇంటికి వచ్చాడు. వాళ్లకు హిందీ టీచరు కావాలి. ఒకావిడ దరఖాస్తు పెట్టింది, మీ పేపర్లో చేసిందట, ఎట్లాంటి మనిషి సార్ అని అడిగాడు. పేరు చెప్పకముందే నాకు తెలిసిపోయింది.

"చదువు బాగనే ఉంది సార్. గని ఆ చక్కెర, చైనా కథ ఆమెదేనట గద, గందుకే తీసేసిన్రట? మా కమిటీల ఇద్దరు చెరుకు రైతులున్నరు. ఆమె వద్దంటున్రు."

నేను అప్పటికప్పుడు చెప్పేశాను. ఆ తప్పు ఆమెది కాదు, నాది అన్నాను. ఆమె వద్దన్నది, నేనే రాయించిన అన్నాను. ఎన్నాళ్లనుంచో గొంతులో ఇరుక్కున్నది బయటపడింది, ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన చేతులు జోడించాడు.

"పెద్దోళ్లు గిట్లనే అంటరు సార్. కింద పనిచేసినోళ్ల తప్పు మీద ఏస్కుంటరు. మీ మనసు చాన పెద్దది."

ఎంత చెప్పినా నమ్మలేదు. చెప్పినకొద్దీ నా మనసు ఇంకా పెద్దదవుతోంది. ముప్పై ఏళ్లు నేను రాసిన అబద్ధాలన్నీ నమ్మిన ఊరు, చెప్పిన ఒక్క నిజం నమ్మనంటోంది. కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. చివరికి, కాగితం మీద రాసిస్తే కమిటీకి చూపిస్తావా అని అడిగాను. రాసిస్తే సరే అన్నాడు, నవ్వుతూనే.

ఒక ఉత్తరం రాయడానికి మూడు రోజులు పట్టింది. పదకొండు వారాల చైనా ధారావాహికకు అంత కష్టపడలేదు. మొదటిసారి రాసింది చదువుకుంటే "ఆనాడు పత్రికలో దొర్లిన పొరపాటుకు" అని ఉంది. చించేశాను. రెండోసారి "డెస్కులో సమన్వయం లోపించి" అని వచ్చింది. సమన్వయం ఎవరి మేనమామో నాకు తెలియదు. అదీ చించేశాను. మూడోసారి, బడిపిల్లాడిలా, "నేను" అనే మాట దాచకుండా రాశాను. నేను ఆ శీర్షిక చెప్పాను. ఆమె అది తప్పని చెప్పింది, చక్కెర అని చెప్పింది. నేను వినలేదు, వెక్కిరించాను. విచారణలో నేను నిజం దాచాను. ఆమె కొలువు నావల్ల పోయింది. కింద సంతకం పెట్టాను. అర పేజీ కూడా కాలేదు.

స్కూలాయనకు నేరుగా ఇవ్వొచ్చు. ఇవ్వలేదు. ఆమె చూడకుండా ఆమె గురించి ఏదీ ఎవరికీ ఇచ్చే అర్హత నాకు లేదనిపించింది. రెండేళ్లుగా తప్పించుకున్న వీధిలోకి పట్టపగలే వెళ్లాను. ట్యూషన్ పిల్లలు అప్పుడే పోయినట్టున్నారు, గడప దగ్గర చాప చుడుతోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. లోపలికి రమ్మంది, మంచినీళ్లిచ్చింది. నేను క్షమించమని అడగబోయాను. ఆమె కాగితం కోసం చెయ్యి చాచింది.

నిలబడే చదివింది, పెదవులు కదుపుతూ. చదివాక మళ్లీ మొదటినుంచి చదివింది. అందులో తప్పులేమైనా ఉన్నాయా అని అడిగాను. అది నా మార్కు జోకు, భయం వేస్తే నేను జోకులు వేస్తాను.

"తప్పులు లేవు సార్. గని ఇది నేను స్కూలుకు ఇచ్చుకుంట. మీరు ఇంకో కాడికి రావాలె."

ఎక్కడికి అన్నాను.

"మా ఊరికి. మా నాయిన కాడికి. చెరుకు రైతు బిడ్డకు చక్కెర ఏదో చైనా ఏదో తెల్వదట అని ఊర్ల ఇయ్యాల్టికి గూడ నవ్వుతున్రు. ఆయన ఆ పొద్దే పేపరు బంద్ చేసిండు, క్షవరం దుకాణం మొకాన పోతలేడు. నేను గాదు నాయినా, సారే రాయించిండు అని ఎన్ని తీర్ల చెప్పిన. నమ్మలే. ఫోటో ఏసుకున్న పెద్దమనిషి తప్పు రాస్తడా, నువ్వే ఏదో చేసినవు అన్నడు."

కొలువు ఒక్కటే పోయిందనుకున్నాను ఇన్నాళ్లూ. ఉత్తరం జిరాక్స్ తీయించి నాయినకు ఇవ్వొచ్చు కదా అన్నాను, పిరికితనం అంత తొందరగా పోదు.

"ఆయనకు చదువు రాదు. నేను చదివితే నేనే రాసుకున్న అనుకుంటడు. మీరే వచ్చి చదువున్రి."

ఉద్యోగం ఆమెకు దొరికింది, జూన్‌లో చేరింది. కమిటీలో చెరుకు రైతులిద్దరూ ఉత్తరం చదివాక నాతో మాట్లాడటం మానేశారు. బస్టాండు హోటల్లో నాకు కుర్చీ వేయడం కూడా మానేశారు. ఇవి మీకు తెలియడం న్యాయం కాబట్టి చెబుతున్నాను.

ఆమెకు ఉత్తరం ఇచ్చిన ఆ వారమే, ఆదివారం పొద్దున ఆమెతో కలిసి మొగుడంపల్లి ఆటో ఎక్కాను, అక్కణ్ణుంచి వాళ్ల పల్లెకు ఇంకో ఆటో. క్షవరం దుకాణం ముందు బల్ల మీద ఐదారుగురు కూర్చుని ఉన్నారు. ఆమె ఇంటికి వెళ్లి వాళ్ల నాయినను వెంటబెట్టుకు వచ్చింది. సన్నటి మనిషి, తలకు తువ్వాల. రెండేళ్ల తర్వాత ఆ దుకాణం దగ్గరికి వచ్చినందుకో ఏమో, కూర్చోకుండా ఒక పక్కన నిలబడ్డాడు. నేను ఫలానా అని చెప్పుకున్నాను. ఫోటోలో మనిషిని గుర్తుపట్టి నమస్తే పెట్టాడు. ఆ నమస్తే నేను తీసుకోలేకపోయాను.

జిరాక్స్ తీయించుకున్న ఉత్తరం తీసి చదివాను. నేను వినలేదు, వెక్కిరించాను అన్నచోట కత్తెర చప్పుడు ఆగిపోయింది. చదవడం అయ్యాక కాగితం మడిచాను. ఆమె నాయిన ఏదో ఒకటి అంటాడని, తిడితే బాగుండునని ఎదురుచూశాను.

ఆయన నా వైపు చూడనేలేదు. కూతురి వైపు తిరిగాడు.

"నువ్వు చెప్తనే ఉంటివి బిడ్డా" అన్నాడు.